బొద్దుతనం ఆరోగ్యమా?
(బాలలలో స్థూలకాయం: కారణాలు, పరిణామాలు, నివారణ)

చాలాకాలం తరువాత ఇంటికి వచ్చిన బంధువులు చంటిబిడ్డను ఎత్తుకొని మొట్టమొదట పలికే మాట ఏమిటో ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. బిడ్డ లావుగా ఉంటే "బొద్దుగా, ముద్దుగా ఉన్నాడు" అంటారు. కాస్త పెద్దవాడైతే "ఒళ్ళు చేశాడు" అని సంతోషిస్తారు. సన్నగా ఉంటే "అయ్యో, చిక్కిపోయాడే!" అంటూ తల్లివైపు చూస్తారు, ఆ చూపులో కొంత నింద కూడా ఉంటుంది. మా ఇళ్ళలో మాట్లాడుకొనే ఉర్దూలోనూ ఇదే తీరు. "తందురుస్త్" అన్న మాటకు ఆరోగ్యవంతుడని అర్థం. వాడుకలో మాత్రం బుగ్గలు నిండుగా ఉన్న పిల్లవాడికే ఆ బిరుదు దక్కుతుంది. బక్కపలచని పిల్లను చూసి "సూఖ్ గయీ", అనగా ఎండిపోయిందని జాలిపడతారు. తెలుగు బోధించేవాడిని కనుక మాటలను పట్టుకొని ఆలోచించే అలవాటు నాకు ఉన్నది. లావును చంటితనంలో మెచ్చుకొనే మాటలు, పదేళ్ళు దాటిన పిమ్మట వెక్కిరించే మాటలు మన భాషలలో కావలసినన్ని ఉన్నవి. ఈ రెంటి నడుమ హెచ్చరించే మాట ఒక్కటీ కనబడదు.

దీనికి చారిత్రక కారణం లేకపోలేదు. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చిపెట్టిన కరువుకు జనం పెట్టుకొన్న పేరు డొక్కల కరువు. 1876-78 నాటి ఘోర క్షామాన్ని రాయలసీమ పెద్దలు ధాత కరువని చెప్పుకొనేవారు. ఎముకల పేరుతో కరువును గుర్తుంచుకొన్న జాతికి నిండైన ఒళ్ళు ఐశ్వర్యంగా కనిపించటంలో వింత ఏమున్నది? మా దాదీ బ్రతికి ఉన్నంత కాలం అన్నం గిన్నె అడుగు కనబడితే కలత పడేది. పిల్లలు "చాలు" అన్న పిమ్మట మరొక ముద్ద పెడితే గాని ఆమెకు తృప్తి ఉండేది కాదు. అనేక కుటుంబాలలో ఆకలి తీరింది గాని ఆకలి భయం తీరలేదు.

హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చరిత్రను చూసినా ఈ మార్పు అర్థమవుతుంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఆధ్వర్యంలో అది ప్రారంభమైనది బెరిబెరి వ్యాధిని పరిశోధించటానికి. 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పిమ్మట చాలాకాలం దాని శాస్త్రజ్ఞుల శ్రమ అంతా పౌష్టికాహార లోపం వలన వచ్చే వ్యాధుల మీదనే సాగింది. అదే సంస్థ 2024లో భారతీయుల కొరకు ప్రకటించిన ఆహార నియమాలలో స్థూలకాయం నుండి కాపాడుకొనే విధానాన్ని ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది.

ఇంతకూ స్థూలకాయం అంటే ఏమిటి? ఆరోగ్యానికి హాని చేసేటంతగా శరీరంలో కొవ్వు పేరుకొనటం. దీనిని కంటితో తేల్చరాదు. బరువును కిలోగ్రాములలో తీసుకొని, మీటర్లలో కొలిచిన ఎత్తుతో రెండుసార్లు భాగించగా వచ్చే సంఖ్యను బాడీ మాస్ ఇండెక్స్ అంటారు. పెద్దలకు చెప్పే హద్దులు పిల్లలకు వర్తించవు. వయస్సును బట్టి, ఆడ మగ భేదాన్ని బట్టి అవి మారుతూ ఉంటవి. ఉదాహరణకు పదేళ్ళ బాలుడు 1.40 మీటర్ల ఎత్తు, 42 కిలోల బరువు ఉన్నాడనుకొందాం. లెక్క 21.4 వస్తుంది. పెద్దవారికైతే అది నిక్షేపమైన సంఖ్య. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం ఆ వయస్సు బాలునికి అది స్థూలకాయపు గడప. ఆ పిల్లవాడిని మన వీధిలో నిలబెడితే ఎవరూ ఊబకాయుడనరు. "కాస్త పుష్టిగా ఉన్నాడు" అంటారు. చిక్కు అక్కడే ఉన్నది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూడండి. 2015-16లో అయిదేళ్ళ లోపు పిల్లలలో అధిక బరువు గలవారు దేశం మొత్తం మీద నూటికి 2.1, 2019-21 నాటికి 3.4. అదే కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో 1.2 నుండి 2.7కు, తెలంగాణలో 0.7 నుండి 3.4కు పెరిగింది. సంఖ్య చిన్నదే కదా అని తోచవచ్చును. అయిదేళ్ళలో ఎన్ని రెట్లయిందో గమనించాలి. అదే సర్వేలో తెలంగాణ పిల్లలలో నూటికి 33 మంది, ఆంధ్ర పిల్లలలో 31 మంది వయస్సుకు తగిన ఎత్తు లేనివారని తేలింది. ఆకలి పోయి లావు వచ్చిందని కాదు. రెండూ ఒకే వాడలో, ఒక్కొక్కసారి ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నవి. ఇక ప్రపంచం సంగతి: 5 నుండి 19 ఏళ్ళ వారిలో అధిక బరువు 1990లో నూటికి 8 మందికి ఉండగా 2022 నాటికి 20 మందికి చేరింది.

ఈ రెండు విరుద్ధ స్థితుల మధ్య ఉన్న సంబంధం మన దేశంలోనే చక్కగా బయటపడింది. పూనాలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం అక్కడి గ్రామీణ స్త్రీలకు పుట్టిన శిశువులను ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చి చూసింది. మన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు; వారిది 3.5 కిలోలు. మనవారిలో కండ, లోపలి అవయవాలు చాలా తగ్గి ఉన్నవి గాని కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. పైకి సన్నం, లోపల కొవ్వు! గర్భంలో ఉండగా ఆహారం చాలనప్పుడు శిశువు శరీరం ఉన్నదానిని కొవ్వుగా దాచుకొనటం నేర్చుకొంటుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. అటువంటి శరీరానికి ఆ తరువాత మైదా, చక్కెర, నూనె సమృద్ధిగా అందితే జరిగేదేమిటో ఊహించవచ్చును. మన పిల్లలకు మధుమేహం తక్కువ బరువులోనే ఎందుకు వస్తున్నదో దీని వలన కొంత బోధపడుతుంది.

దీనికి రెండవ పార్శ్వం హైదరాబాదు సమీప గ్రామాలలో కనిపించింది. 1987-90 మధ్య కొన్ని గ్రామాలలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనంగా ఉప్మా పెట్టారు. పక్క గ్రామాలకు ఆ పథకం ఇంకా రాలేదు. పదిహేనేళ్ళ పిమ్మట ఆ పిల్లలను వెదకి పరీక్షించగా, ఉప్మా అందిన గ్రామాల పిల్లలు కాస్త పొడవుగా పెరిగారనీ, వారి రక్తనాళాలు, ఇన్సులిన్ పనితీరు మెరుగుగా ఉన్నవనీ తేలింది. కాబట్టి స్థూలకాయ నివారణ అంటే తిండి తగ్గించటమని తొందరపడి అనుకోరాదు. తల్లి కడుపులో ఉన్నప్పుడు సరియైన తిండి పెట్టటం కూడా నివారణే.

ఇక మనకు నిత్యం కనిపించే కారణాలు. ఒక 300 మిల్లీలీటర్ల శీతల పానీయంలో సుమారు 30 గ్రాముల చక్కెర, అంటే ఆరు చెంచాలు ఉంటుంది. ఆ వయస్సు పిల్లలకు రోజు మొత్తానికి 25 గ్రాములకు మించకపోవటం మేలు. ఆరు చెంచాల చక్కెర వేసిన పాలను ఏ తల్లీ బిడ్డకు ఇవ్వదు. సీసా మూత తీసి ఇవ్వటానికి మాత్రం వెనుకాడదు. బడి ముందర బండి మీద వేయించి అమ్మేవి, అయిదు రూపాయల పొట్లాలలో గాలి నింపి అమ్మేవి ఇట్లాంటివే. బేకరీ సంగతి నేను చెప్పను, సాయంకాలపు చాయ్‌తో బిస్కెట్టు ముంచుకొనే బలహీనత నాకూ ఉన్నది.

తిండి ఒక చేయి అయితే, ఆట లేకపోవటం రెండవ చేయి. 5 నుండి 17 ఏళ్ళవారు రోజుకు కనీసం 60 నిమిషాలు ఒళ్ళు వంచి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన పాఠశాలల టైంటేబుల్లో ఆటల పీరియడు ఉంటుంది. పరీక్షలు దగ్గరకు రాగానే దానిని లెక్కల ఉపాధ్యాయులు అరువు తీసుకొంటారు, తిరిగి ఇవ్వరు. ఇంటర్మీడియట్‌కు వచ్చేసరికి తెల్లవారుజాము నుండి రాత్రి వరకు స్టడీ అవర్లు. రెండేళ్ళు బెంచీకి అతుక్కుపోయిన పిల్లవాడు, దొరికిన అరగంటను సెల్‌ఫోన్‌కు ఇస్తాడు. నిద్ర కూడా చాలదు. బడి వయస్సు పిల్లలకు రాత్రి కనీసం తొమ్మిది గంటల నిద్ర కావాలి. నిద్ర తగ్గిన శరీరంలో ఆకలి పెరుగుతుంది.

అయినా దీనిని సోమరితనమనీ, తిండిపోతుతనమనీ తేల్చివేయటం అన్యాయం. 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోన్‌కు సంబంధించిన జన్యువును కనుగొన్నది. కొవ్వు కణాలలో పుట్టి, "నిల్వ చాలినంత ఉన్నది" అని మెదడుకు కబురు చేరవేసేది ఈ హార్మోనే. 1997లో కేంబ్రిడ్జి వైద్యులు పాకిస్తాన్ మూలాలు గల ఒక కుటుంబంలో ఇద్దరు పిల్లలను వర్ణించారు. వారి తల్లిదండ్రులవి దగ్గరి బంధువుల మధ్య జరిగిన వివాహాలు. ఎనిమిదేళ్ళ పాప బరువు 86 కిలోలు. రెండేళ్ళ బాబు బరువు 29 కిలోలు. వారిలో లెప్టిన్ తయారు కావటమే లేదు. ఆ పాపకు హార్మోన్ ఇవ్వగా ఒక సంవత్సరంలో సుమారు 16 కిలోలు తగ్గింది. ఇది బహు అరుదైన వ్యాధి; మన పిల్లలలో వేలమందికి ఇదే కారణమని నేను అనటం లేదు. ఆకలి అనేది మనస్సు చెప్పినట్లు వినే సేవకుడు కాదని మాత్రం దీని వలన రుజువైనది. మేనరికాలు, చిన్నాన్న పెదనాన్న పిల్లల మధ్య సంబంధాలు చేసుకొనే మన రెండు సమాజాల వారూ ఈ ఉదంతాన్ని కాస్త శ్రద్ధగా చదవవలసి ఉన్నది.

పరిణామాలలో మొదట కనిపించేది చాలామంది తల్లులు పొరబడేదే. మెడ వెనుక, చంకలలో చర్మం నల్లబడి, మందమై, ముఖమల్ గుడ్డలా తగులుతుంది. మురికి అనుకొని సబ్బుతో, పీచుతో తోమి తోమి పిల్లను ఏడిపిస్తారు. అది మురికి కాదు, రక్తంలో ఇన్సులిన్ హద్దుమీరినదనటానికి గుర్తు కావచ్చును. ఒకప్పుడు నడివయస్సు వారి జబ్బని పేరుపొందిన రెండవ రకం మధుమేహం నేడు బడిపిల్లలలో కనబడుతున్నది. కాలేయంలో కొవ్వు చేరటం, రక్తపోటు, మోకాళ్ళ మీద, తుంటి మీద భారం, నిద్రలో గురక పెడుతూ ఊపిరి ఆగి ఆగి రావటం మిగిలినవి. పెద్దయితే అదే తగ్గుతుందని మనవారి ధీమా. స్థూలకాయులైన కౌమారవయస్కులలో నూటికి 80 మంది పెద్దవారైన పిమ్మట కూడా అట్లాగే ఉంటారని అధ్యయనాలు చెబుతున్నవి.

ఏ పరీక్షకూ అందని గాయం మరొకటి ఉన్నది. కొన్ని సంవత్సరాల క్రితం వార్షికోత్సవానికి నేను ఒక హాస్యనాటిక రాశాను. అందులో తిండిపోతు జమీందారు పాత్ర ఒకటి. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు లావుగా ఉండేవాడు. చక్కగా పద్యం చదివేవాడు. ఆ పాత్రకు అతనిని ఎంపిక చేసినది నేనే. నాటిక రక్తి కట్టింది. హాలంతా నవ్వింది, అతడూ నవ్వాడు. ఆ తరువాత సంవత్సరమంతా ఆ జమీందారు పేరే అతనికి నిలిచిపోయింది. క్రమంగా అతడు నలుగురిలో భోజనం చేయటం మానివేశాడనీ, రాత్రిపూట ఒంటరిగా తింటున్నాడనీ, సిగ్గుతో మైదానం వైపు రావటం లేదనీ అతని స్నేహితుడు చెప్పేవరకు నాకు తెలియలేదు. రెండవ సంవత్సరం మధ్యలో అతడు కళాశాల మారిపోయాడు. బరువు తగ్గించటానికి ఎగతాళి పనికిరాదన్న సంగతి నేను పుస్తకంలో చదివి తెలుసుకొన్నది కాదు.

నివారణ పిల్లవాడి నుండి కాక ఇంటి నుండి మొదలు కావాలి. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే. ఒకప్పుడు పాలపొడి డబ్బాల మీద బొద్దుపాప బొమ్మ ఉండేది. 1992 నాటి చట్టం ఆ బొమ్మను నిషేధించింది, మన మనస్సులలో నుండి మాత్రం అది ఇంకా పోలేదు. బిడ్డ ముఖం తిప్పుకొంటే కడుపు నిండినదని అర్థం. ఫోను చూపించి ఇంకో ముద్ద కుక్కరాదు. "పప్పు తింటే చాక్లెట్ ఇస్తా" అనటం వలన పప్పు శిక్ష, చాక్లెట్ బహుమతి అని మనమే నేర్పుతున్నాం. దాహానికి నీళ్ళు లేదా మజ్జిగ. పండ్లరసానికి బదులు పండు. కంచంలో అన్నం కొంత తగ్గించి పప్పు, కూరగాయలు పెంచటం; ఇది ఒక్క లావు పిల్లవాడికి కాదు, ఇంటిల్లిపాదికీ. ఒకడి కంచం ముందు మాత్రమే కాపలా కాస్తే వాడు దొంగచాటుగా తినటం నేర్చుకొంటాడు.

పెరిగే పిల్లలను పస్తు పెట్టి బరువు తగ్గించరాదు. చాలామంది విషయంలో బరువు పెరగకుండా నిలిపితే చాలు, ఎత్తు పెరిగి లెక్క తానే సరిపడుతుంది. మరీ ఎక్కువైతే వైద్యుని సలహా తప్పనిసరి; ప్రకటనలలోని పొడులను నమ్మరాదు. ఆరు నెలలకు ఒకసారి ఎత్తు, బరువు కొలిచి పట్టికలో గుర్తించాలి. బరువు తూచితే దిష్టి తగులుతుందని భయపడే పెద్దలు ఇంకా ఉన్నారు. మిరపకాయలతో దిష్టి తీసి అయినా సరే, తూచండి!

చట్టం కూడా కొంత తోడు వచ్చింది. కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా ఉండే పదార్థాలను పాఠశాల ఆవరణలోనూ, గేటు నుండి 50 మీటర్ల లోపలా పిల్లలకు అమ్మరాదని కేంద్ర ఆహార భద్రత సంస్థ 2020లో నిబంధనలు చేసింది. ఏ బడి గేటు ముందైనా సాయంకాలం నిలబడి చూస్తే వాటి అమలు సంగతి తెలుస్తుంది.

చివరగా మా కళాశాల పెద్దలకు ఒక విన్నపం. మన మైదానం చుట్టుపక్కల వాడలన్నిటిలోకీ మిగిలి ఉన్న ఒకే ఒక్క ఖాళీస్థలం. సాయంకాలం నాలుగున్నరకు గేటుకు తాళం పడుతుంది. దానిని ఏడు గంటల వరకు వాడలోని పిల్లలకు తెరిచి ఉంచితే, కాపలాకు వంతులవారీగా నిలబడటానికి మా శాఖలోని అధ్యాపకులం సిద్ధంగా ఉన్నాం. అందులో ఒక గంట ఆడపిల్లలకు ప్రత్యేకించాలి. పన్నెండేళ్ళు దాటిన పిమ్మట మా వాడల ఆడపిల్లలకు పరుగెత్తటానికి మేడమెట్లు తప్ప వేరే చోటు లేదు.