మీకు తెలుసా? మస్కట్‌లో వోడ్కాకూ పర్మిట్!

మన వైన్ షాపులో దొరికినట్టు ఒమన్‌లో వోడ్కా దొరకదు. అక్కడ నివసించే ముస్లిమేతరులు సీసా కొని ఇంటికి తెచ్చుకోవాలంటే రాయల్ ఒమన్ పోలీసుల పర్మిట్ ఉండాలి. లేదంటే లైసెన్సున్న హోటల్ బారే గతి. 2019 జూన్‌లో మద్యం మీద సెలెక్టివ్ ట్యాక్స్ కూడా వచ్చిపడింది.

ఇంత తంటా పడి కొనే సీసా ఏదైనా ఒకటేనా? కాదు. చూడటానికి అన్నీ నీళ్లలాగే ఉన్నా ముడిసరుకు వేరు. స్వీడన్ అబ్సొల్యూట్‌ది గోధుమ, పోలండ్ బెల్వెడేర్‌ది రై ధాన్యం. అదే పోలండ్‌లోని షోపాన్‌కు పేరు తెచ్చింది బంగాళదుంప. ఫ్రాన్స్ సిరాక్‌దైతే ఏకంగా ద్రాక్ష! గోధుమది మెత్తగా, రైది కాస్త మిరియాల ఘాటుతో, దుంపది చిక్కగా ఉంటుందని రుచి తెలిసినవాళ్ల మాట.

నలభై శాతం ఆల్కహాల్ ఉన్న వోడ్కా ఇంట్లో ఫ్రీజర్‌లో, మైనస్ 18 డిగ్రీల దగ్గర కూడా గడ్డకట్టదు, చిక్కబడుతుందంతే. రష్యన్లు అలా చల్లగానే తాగుతారు, పక్కన ఉప్పునీళ్లలో ఊరిన దోసకాయ పెట్టుకుని. (మన ఆవకాయ ఆ పనికి కాస్త ఎక్కువే.) రకాలు పోల్చి చూడాలంటే మాత్రం అంత చల్లదనం వద్దు, తేడాలన్నీ కప్పేస్తుంది.

అన్నట్టు, గ్లాసు పట్టుకుని మస్కట్‌లోని మత్రా సముద్రపు ఒడ్డుకు వెళ్లకండి. ఒమన్‌లో బహిరంగంగా తాగడం నేరం.