బోరు అంటే ఏమిటి?

బోరు అనే మాట తెలియని ఊరు అనంతపురం ప్రాంతంలో లేదు. "బోరు వేసినారు." "బోరు పడింది." "బోరు ఎండిపాయె." రోజూ వినే మాటలే ఇవి. కానీ బోరు తెలుగు మాట కాదు. ఇంగ్లీషు నుంచి వచ్చింది.

ఇంగ్లీషులో బోర్ అంటే ఒక పని. తొలచడం, బెజ్జం వేయడం అని అర్థం. వడ్రంగి బరమాతో చెక్కకు బెజ్జం వేస్తాడు. అదీ బోర్ చేయడమే. కందికాయను పురుగు తొలుస్తుంది. ఆ పురుగును ఇంగ్లీషులో పాడ్ బోరర్ అంటారు. అంటే కాయ తొలిచేది అని. విసుగు పుడితే "బోరు కొడుతోంది" అంటారు కదా! ఆ మాటకు ఇంగ్లీషులో రాత ఇదే. అర్థం మాత్రం వేరు.

నేలను తొలిచి నీళ్లు తీసేది బోరుబావి. తెలుగులో పని పేరే బావి పేరయింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. బోర్ అంటే తొలచడం మాత్రమే. ఆ మాటలో నీళ్లు లేవు. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. నేల కింద గట్టి రాయి. రాతి పగుళ్లలో నీరుంటేనే బోరు పడుతుంది. లేకుంటే దుమ్మే లేస్తుంది. నీళ్లు పడినా, పడకపోయినా బోరు బండికి అడుగు లెక్కన డబ్బు కట్టాల్సిందే. లోతుకు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది. నగలు కుదువ పెట్టి బోరు వేసిన ఇండ్లు ఎన్నో.

అందుకే ఇంట్లో ఆడవాళ్లు కూడా ముందే కాగితం చదవాలి. అడుగుకు ఎంత? కేసింగు పైపుకు ఎంత? ఎన్ని అడుగుల దగ్గర ఆపాలి? ఇవన్నీ రాయించుకోవాలి. 2002లో వాల్టా చట్టం వచ్చింది. దాని ప్రకారం బోరు బండిని రిజిస్టరు చేయించాలి. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా సేద్యపు బోరు వేయరాదు.

నీళ్లు పడని బోరును నోరు తెరిచి వదలరాదు. చిన్న పిల్లలు అందులో పడి ప్రాణాలు పోయాయి. కింది నుంచి పైదాకా మట్టి, రాళ్లతో పూడ్చాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది.

బోరు వేయడం ఒక రోజు పని. అప్పు తీర్చడం ఏళ్ల పని. చదివిన తర్వాతే సంతకం.