ఊరి వోటు: నంద్యాల చెప్పు పాఠము

“ఫలానా పట్టణము ఫలానా పక్షమువారిది” అని మనము రచ్చబండ కడ తరచుగా అనుకొనుచుందుము. ఊరికొక రంగు పూసి, దాని వోట్లను ముందుగానే లెక్కవేయుట మనకు అలవాటు. ఈ అలవాటు ఎంతవరకు సమంజసమో నంద్యాల పట్టణమును ఉదాహరణముగా గైకొని మీతో విచారింపదలచితిని.

నంద్యాల కుందూ నది యొడ్డున, నల్లమల కొండలకు పడమట నున్నది. చుట్టునున్న నవనందుల క్షేత్రములకును, వరి, ప్రత్తి పంటలకును పేరు గలది. జనసంఖ్య రమారమి రెండు లక్షలు. 2022లో జిల్లాకు ముఖ్యపట్టణమైనది.

మొదట ఒక చిక్కు విడదీయవలెను. నంద్యాల పేరుతో రెండు నియోజకవర్గములు కలవు. శాసనసభ నియోజకవర్గమున పట్టణముతో బాటు నంద్యాల, గోస్పాడు మండలముల పల్లెలు చేరియున్నవి. లోకసభ నియోజకవర్గమన్ననో, ఆళ్లగడ్డ, శ్రీశైలము, నందికొట్కూరు, పాణ్యము, నంద్యాల, బనగానపల్లె, డోన్ అను ఏడు శాసనసభ స్థానముల కూడిక. కావున “నంద్యాల తీర్పు” అని మనము వినునపుడు, ఆ తీర్పులో పెద్దపాలు పట్టణము వెలుపలివారిదే యని గ్రహింపవలెను.

ఇక గతమును చూతము. 1977లో అప్పటి ఆంధ్రప్రదేశమునందలి 42 లోకసభ స్థానములలో 41 కాంగ్రెసునకు దక్కెను. మిగిలిన యొక్కటి నంద్యాల. అచట జనతా పక్షమున నిలిచిన నీలం సంజీవరెడ్డిగారు గెలుపొంది, ఆ యేడే రాష్ట్రపతి యైరి. అంతమాత్రమున నంద్యాలను జనతా పక్షపు కోట యనవచ్చునా? 1980లో అదే స్థానము కాంగ్రెసునకును, 1984లో తెలుగుదేశమునకును దక్కెను.

1991లో పి.వి. నరసింహారావుగారు ప్రధానమంత్రి యగునాటికి ఏ సభయందును సభ్యులు కారు. ఆరు మాసములలో సభ్యత్వము పొందవలసి, నంద్యాల ఉపయెన్నికలో నిలిచిరి. తెలుగువాడు తొలిసారి ప్రధాని యైనాడని తెలుగుదేశమువారు పోటీ పెట్టలేదు. ఆయనకు లభించిన ఆధిక్యము 5 లక్షల 80 వేల వోట్లు. 1996లో తెలుగుదేశము పోటీకి దిగగా, అదే స్థానమున అదే అభ్యర్థికి వచ్చిన ఆధిక్యము లక్షకు లోపే. అభ్యర్థి మారలేదు, ఎదుటివాడు మారెను, కాలము మారెను. ఆధిక్యము నొక్కదానినే చూచి జనుల మనసును కొలువరాదని దీనివలన తెలియుచున్నది.

“పక్షము కాదు, మనిషియే ప్రధానము” అని మరికొందరందురు. ఇందును సగము సత్యమే కలదు. ఎస్.పి.వై. రెడ్డిగారు 2004, 2009 సంవత్సరములలో కాంగ్రెసు పక్షమున, 2014లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షమున లోకసభకు గెలిచిరి. 2019లో జనసేన పక్షమున నిలిచినపుడు ఆ స్థానము వారికి దక్కలేదు. శాసనసభకు కాంగ్రెసు పక్షమున రెండుమారులు గెలిచిన శిల్పా మోహనరెడ్డిగారు, 2014లో తెలుగుదేశమునుండియు, 2017 ఉపయెన్నికలో వై.ఎస్.ఆర్. కాంగ్రెసునుండియు ఓడిరి. ఆ ఉపయెన్నికకు మంత్రులు పట్టణమున మకాము వేసిరి. నాడు అధికారమందున్న తెలుగుదేశము 27 వేలకు పైబడిన ఆధిక్యముతో గెలిచెను. రెండేండ్లు తిరుగక మునుపే, 2019లో, ఆ స్థానము వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పాలాయెను, 2024లో మరల తెలుగుదేశమునకు వచ్చెను.

మనిషి, పక్షము, అధికారమందున్నవారి యెడ ఆశయో విసుగో, ఇవన్నియు వోటరు మనసున కలసి పనిచేయును. ఏది ఎప్పుడు పైకి తేలునో వెలుపలివారు చెప్పజాలరు.

ఈ మాట పుస్తకములు చూచి మాత్రమే చెప్పుట లేదు. ఒకప్పుడు నేనును మా వీథి వోట్లన్నియు నా మాటమీద నున్నవని ఒక అభ్యర్థికి హామీ యిచ్చితిని. వీథిలో ఎవరును నాకు ఎదురు చెప్పలేదు. ఆ మౌనమును సమ్మతి యనుకొంటిని. లెక్కింపునాడు మా పోలింగు కేంద్రమున ఆయనకు పడినవి సగమునకు తక్కువ. నాపై గౌరవము చేత వారు ఊరకుండిరి; తమ హక్కు చేత తమ యిష్టము వచ్చినట్లు వోటు వేసిరి. తప్పు వారిది కాదు, నాది. నాది కాని సొత్తును నేను వాగ్దానము చేసితిని.

పెద్దలారా, మన మాటకు ఊర విలువ కలదు. అందుచేతనే జాగ్రత్త యవసరము. వోటునకై సొమ్మిచ్చుటయు, పుచ్చుకొనుటయు రెండును నేరములే. వోటు విషయమై కులమునుండి వెలివేయుదుమని బెదరించుట 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము అవినీతి చర్య. అభ్యర్థుల మంచిచెడ్డలు విడమరచి చెప్పుట మన ధర్మము. ముసలివారిని, నడువలేనివారిని పోలింగు కేంద్రమునకు చేర్చుట మన ధర్మము. మీట నొక్కు వ్రేలు మాత్రము వారిది.

ఇకమీదట ఎవరైన వచ్చి “మీ ఊరి వోట్లెన్ని?” అని యడిగినచో, “జాబితాలో నున్నన్ని, ఒక్కటియు నా చేతిలో లేదు” అని చెప్పుడు. ఆ మాటవలన మన పెద్దరికము తరుగదు.