పాత్రోలు, బెహరాలు, స్మిత్‌లు

బరంపురంలో పుట్టి, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ విద్యామంత్రిగా పనిచేసిన సర్ ఎ.పి. పాత్రో పూర్తి పేరు అన్నెపు పరశురామదాసు పాత్రో. ముందున్న అన్నెపు తెలుగువాళ్ల తీరులో ఇంటిపేరు. చివరి పాత్రో ఒడియా తీరులో హోదా పేరు. గంజాంలో ఇలాంటి జంటపేర్లు వింతేమీ కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది.

పాత్రో మూలం రాజకొలువు. కళింగ రాజుల కాలంలో పెద్ద అధికారులకు పాత్ర, మహాపాత్ర అనే బిరుదులుండేవి. సేనాపతి సైన్యాన్ని నడిపేవాడు. పట్నాయక్‌లలో ఎక్కువమంది రాతకోతలు, లెక్కలు చూసిన కరణాలు. కొలువులు పోయాక కూడా ఆ పేర్లు కొడుకులకు, మనవలకు మిగిలాయి.

వీటన్నిటిలో నన్ను బాగా ఆకట్టుకునేది బెహరా. ఊరిపెద్దకో కులపెద్దకో ఉన్న పేరు ఇది. జాలర్లలో, గొల్లల్లో, రజకుల్లో, నేతగాళ్లలో కూడా బెహరాలున్నారు. విశాఖ వైపు తెలుగు కుటుంబాల్లో అదే ఇంటిపేరై పేరుకు ముందు చేరింది. బరంపురంలో మాత్రం అది ఇంకా బతికున్న పదవి. పట్టు నేసే తెలుగు దేవాంగుల కులపెద్దను దేశీబెహరా అంటారు. రెండేళ్లకోసారి చైత్రంలో జరిగే బుఢీ ఠాకురాణి జాతరలో అమ్మవారు ఆయన ఇంటి ఆడపడుచు. పుట్టింటికి వచ్చిన కూతురికి చేసినట్టే మర్యాదలన్నీ చేస్తారు. దేశీబెహరా వీధిలో తాత్కాలికంగా గుడి కట్టి నిలుపుతారు.

మరి ఒకే పేరున్నవాళ్లంతా ఒకే మూలపురుషుడి సంతానమా? దీనికి జవాబు చెప్పగలిగేది తండ్రి నుంచి కొడుక్కి ఇంచుమించు మారకుండా వచ్చే వై క్రోమోజోమ్. ఇంగ్లండులో ఇంటిపేరు కూడా అదే దారిలో వస్తుంది. ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త బ్రయాన్ సైక్స్ తన ఇంటిపేరే ఉన్న మగవాళ్లను పరీక్షించి 2000లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు సగం మందిలో ఒకే రకం క్రోమోజోమ్ కనిపించింది. తక్కినవాళ్లలో తేడా ఉండటానికి దత్తతలు, పేరు మార్చుకోవడాలు వంటి కారణాలెన్నో. స్మిత్‌ల సంగతి వేరు. లీస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో చూపించినట్టు, ఏ సంబంధమూ లేని మగవాళ్ల మధ్య ఎంత పోలిక ఉంటుందో వీళ్ల మధ్యా అంతే. స్మిత్ అంటే కమ్మరి. కొలిమి లేని ఊరుండదు కాబట్టి ఆ పేరు వందల చోట్ల విడివిడిగా పుట్టింది. జర్మన్ల ష్మిట్, హంగరీ వాళ్ల కోవాచ్, అరబ్బుల హద్దాద్ కూడా కమ్మరులే.

బెహరాలదీ స్మిత్‌ల దారే. పదవి పేరు ఎన్ని ఊళ్లలో, ఎన్ని కులాల్లో ఇస్తే అన్ని మూలాలు. ఈ విషయం పెళ్లిళ్ల పేరయ్యలకు ఎప్పుడో తెలుసు. ఒడియా సంబంధాల్లో పేరు చివర ఒకటే ఉన్నా గోత్రాలు వేరైతే ముహూర్తం పెట్టేస్తారు. తెలుగువాళ్లలో ఒకే కులంలో ఇంటిపేర్లు కలిస్తే అన్నదమ్ముల వరసే, ఇక ఆ సంబంధం మాట ఎత్తరు.