చిన్ననాటి కంచం, నడివయసు రోగం

మధుమేహం పట్నవాసుల జబ్బని, ఒళ్లు వంచి పని చేసే పల్లెజనం దరికి రాదని చాలాకాలం ఉన్న నమ్మకాన్ని గోదావరి జిల్లాల పల్లెలే వమ్ము చేశాయి. ఈ పల్లెల్లో 30 ఏళ్లు నిండినవారిని పరీక్షించి 2006లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, ప్రతి వందమందిలో సుమారు 13 మందికి మధుమేహం ఉంది. అప్పట్లో తూర్పు గోదావరిలో భాగమై, 2022 ఏప్రిల్‌లో విడి జిల్లాగా ఏర్పడిన కోనసీమదీ ఇదే డెల్టా నేల, ఇదే వరి తిండి. శ్రమ తగ్గి తీపి పెరగడమే కారణమని అమలాపురంలోనైనా రాజోలులోనైనా చెబుతారు. అది అబద్ధం కాకపోయినా, ఈ కథ అంతకు ఎన్నో ఏళ్ల ముందు, తల్లి కడుపులోను పసిపిల్లల కంచంలోను మొదలవుతుందని పోషకాహార శాస్త్రం చెబుతోంది.

దీనికి తెలుగునేల మీదే బలమైన సాక్ష్యం ఉంది. హైదరాబాదు సమీపంలోని 29 గ్రామాలను ఎంచుకున్న జాతీయ పోషకాహార సంస్థ, 1987 నుంచి 1990 వరకు వాటిలో 15 గ్రామాల గర్భిణులకు, ఆరేళ్ల లోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా కలిసిన పిండితో వండిన ఉప్మాను అందించగా, మిగిలిన 14 గ్రామాలను పోలిక కోసం ఉంచింది. గర్భిణి వంతు ఎక్కువ, పిల్లల వంతు తక్కువ. ఆ పిల్లలే 13 నుంచి 18 ఏళ్ల వయసుకు చేరాక 2003–05 మధ్య మళ్లీ పరీక్షిస్తే, ఉప్మా అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవుగా ఉండడమే కాక, వారి ధమనులు మెత్తగా ఉన్నాయి, ఇన్సులిన్ నిరోధకత తక్కువగా కనిపించింది. రక్తంలోని చక్కెరను కణాల్లోకి పంపే ఇన్సులిన్ మాటను శరీరం సరిగా వినకపోవడమే ఇన్సులిన్ నిరోధకత. మధుమేహానికి అది తొలిమెట్టు. ఒంటి కొవ్వులో మాత్రం రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే చిన్ననాటి తిండి మంచిచెడ్డలను తక్కెడ ఒక్కటే చెప్పలేదు.

ఢిల్లీలో 1969–72 మధ్య పుట్టినవారిని 30 ఏళ్ల ప్రాయం దాకా గమనించిన అధ్యయనం ఇదే సంగతిని మరో వైపు నుంచి చూపింది. పెద్దయ్యాక చక్కెర సమస్య వచ్చినవారు రెండేళ్ల వయసులో బక్కగా ఉండి, ఆ తర్వాత పన్నెండేళ్ల వరకు తోటివారికంటే వేగంగా ఒళ్లు చేసినవారు. సాధారణంగా బిడ్డ ఏడాది దాటాక సన్నబడుతూ వచ్చి, అయిదారేళ్ల ప్రాంతంలో మళ్లీ ఒళ్లు పట్టడం మొదలవుతుంది. ఈ మలుపు ముందే వస్తే ముప్పు ఎక్కువ. ‘బొద్దుగా ఉంటేనే బిడ్డ’ అని మురిసిపోయే పెద్దలు తెలుసుకోవలసిన విషయం ఇది.

కోనసీమలో తిండికి కరువు లేదు. కరువున్నది కంచంలోని వైవిధ్యానికి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా వరిమయమైంది. మిల్లు బియ్యం వచ్చాక తవుడుతోపాటు బి1 విటమిన్ పోయి, అప్పట్లో ఉత్తర సర్కారులు అనే కోస్తా జిల్లాల్లో బెరిబెరి అనే నరాల జబ్బు పాతుకుపోయింది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలకు ఆ బెడద అంతగా లేదు. ఆ జబ్బు పోయింది గాని, తెల్లన్నం కొండలా, పప్పూ కూరా గోరంతగా వడ్డించే అలవాటు పోలేదు. చేపలు, మునగాకు, తోటకూర, పనసపొట్టు దొరికే చోటే పిల్లల కంచంలో అన్నానిదే పెత్తనం కావడం విచిత్రం. దానికి తోడు మారాం చేసినప్పుడల్లా చేతిలో పెట్టే చిరుతిళ్ల పొట్లం, కూల్‌డ్రింకు కలిశాయి. ఆత్రేయపురం పూతరేకులు పండగనాడు తింటే వచ్చే నష్టం కంటే రోజూ తాగే తీపి నీళ్ల నష్టమే పెద్దది. కడుపు నిండిందని తల తిప్పుకునే బిడ్డకు ‘ఇంకొక్క ముద్ద’ అంటూ కొసరి తినిపించే గోదావరి మర్యాద కూడా, ఆకలి తీరిన సంగతిని తానే గుర్తించే సహజ శక్తిని బిడ్డలో మొద్దుబారుస్తుంది.

ఈ అలవాట్లను దిద్దే అవకాశం ఇంటి తర్వాత బడికే ఉంది. అన్నదాతగా పేరుపొందిన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ పేరు 2024లో రాష్ట్ర మధ్యాహ్న భోజన పథకానికి పెట్టారు. ఆ భోజనంలో గుడ్డు, వేరుశనగ చిక్కీ, రాగిజావ ఉన్నాయి. తర్వాత సన్నబియ్యం కూడా వచ్చి పిల్లలు ఇష్టంగా తింటున్నా, పాలిష్ పట్టిన బియ్యం సన్నదైనా లావుదైనా ఒకటే కనుక, ఆ పూట పిల్లల ఒంటికి అసలు బలమిచ్చేవి గుడ్డూ జావా పప్పే.