పది సెకన్ల సాక్ష్యం

భట్టిప్రోలు నుంచి ఒక పాఠకురాలు అడిగారు: నాన్నగారికి 76 ఏళ్లు, బీపీ ఉంది, రాత్రిళ్లు ఉన్నట్టుండి గుండె దడదడలాడి అరగంటలో అదే సర్దుకుంటోంది. రేపల్లెలో ఒకసారి, తెనాలిలో ఒకసారి ఈసీజీ తీయిస్తే రెండూ బాగున్నాయన్నారు. ఇక దిగులు పడక్కర్లేదా? మామూలు ఈసీజీ కాగితం మీదికెక్కేది దాదాపు పది సెకన్ల గుండె. రోజుకు 86,400 సెకన్లు. ఆ కాగితం ఆ పదింటికే సాక్ష్యం చెబుతుంది, అర్ధరాత్రి దడ సంగతి దానికి తెలియదు. దడలన్నీ ఒకటి కావు నిజమే, కానీ ఈ వయసులో ముందుగా అనుమానించాల్సింది ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను, అంటే గుండె పైగదులు సరిగా ముడుచుకోక వణికే జబ్బును. ‘వచ్చి పోయేదే కదా, పెద్దదేమీ కాదులే’ అనే ఓదార్పుతోనే నాకు పేచీ. వచ్చి పోవడం ఈ జబ్బు స్వభావం. అలా ఎందుకు వచ్చి పోతుందన్న ప్రశ్న దగ్గర మహామహులే తప్పులో కాలేశారు.

గుండెకు పైన రెండు గదులు, కింద రెండు గదులు. కుడి పైగది గోడలోని సైనస్ నోడ్ నిమిషానికి 60 నుంచి 100 సార్లు విద్యుత్ అలను పుట్టిస్తుంది. అది పైగదుల మీదుగా కిందికి పాకి ఆరిపోతుంది. ఈ ఆరిపోవడమే అసలు కిటుకు. అల దాటిన కణం కాసేపు మొద్దుబారుతుంది, సెకనులో కొంత భాగంపాటు ఎవరు తట్టినా పలకదు. ఊళ్లో పుకారు సంగతే చూడండి. చెప్పేసిన ఇల్లు మళ్లీ అదే కబురు వినదు, కాబట్టి ఊరంతా పాకాక పుకారు చచ్చిపోతుంది. కానీ వీధులు గుండ్రంగా తిరిగి మొదటికే వచ్చి, పుకారు నత్తనడక నడిచి, మొదటి ఇంటివాళ్లు ఈలోపు దాన్ని మరిచిపోతే? వాళ్లకది కొత్త కబురే, మళ్లీ బయల్దేరుతుంది. గుండెలో లెక్క ఇంతే: అల వేగాన్ని మొద్దుబారే సమయంతో గుణిస్తే వచ్చే పొడవు, అది తిరిగే చుట్టుకన్నా తక్కువైతే అల ఆరదు. ముసలితనంలో కండరం మధ్య నారలాంటి మచ్చలు పెరిగి వేగం తగ్గుతుంది. ఏళ్ల తరబడి బీపీ పైగదిని సాగదీస్తే చుట్టు పెరుగుతుంది. లెక్కలో రెండువైపులా నష్టమే.

1906లో ఆల్ఫ్రెడ్ మేయర్ జెల్లీఫిష్ అంచును ఉంగరంలా కోసి, అందులో ఒకే అల రోజుల తరబడి తిరగడం చూశాడు. గుండెకు దానితో సంబంధముందని అప్పట్లో ఎవరు అనుకుంటారు? ఇంగ్లండ్‌లో జేమ్స్ మెకెంజీ మెడ సిర కదలికలను గీతలుగా తీసి, ఈ రోగుల్లో పైగది అల మాయమైందని గమనించాడు. గమనించింది నిజమే, చెప్పిన అర్థమే తలకిందులు: పైగదికి పక్షవాతం వచ్చిందన్నాడు. 1909లో థామస్ లూయిస్ ఈసీజీతో చూస్తే, ఆగిపోయిందనుకున్న గది నిమిషానికి వందల సార్లు వణుకుతోంది. 1913లో జార్జ్ రాల్ఫ్ మైన్స్ తాబేలు లాంటి జీవుల గుండె కండరపు ఉంగరాల్లో అలను తిప్పి, వేగానికీ మొద్దుబారే సమయానికీ ఉన్న లంకెను తేల్చాడు. మరుసటి ఏడాది మాంట్రియల్‌లో తన ప్రయోగశాలలోనే పరికరాల మధ్య స్పృహ లేకుండా దొరికి, 28 ఏళ్లకే పోయాడు. తన మీద తానే ప్రయోగం చేసుకున్నాడని చాలామంది అనుమానం. తిరిగే అల ఆలోచనను లూయిస్ అందుకుని, ఒకే పెద్ద సుడి ఉంటుందని పట్టుబట్టాడు. 1962లో గోర్డన్ మో, కాదు, ఢీకొంటూ చీలుతూ తిరిగే చిన్న అలలు చాలా ఉంటాయన్నాడు. 1998లో ఫ్రాన్స్‌లో మిషెల్ ఐసగెర్ బృందం 45 మంది రోగులను పరిశీలిస్తే, గందరగోళాన్ని రాజేసే చోట్లలో 94 శాతం ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిరల్లో దొరికాయి. అంటే అందరూ గుండెలో వెతుకుతుంటే నిప్పురవ్వ గుమ్మం దగ్గరుంది!

ఇప్పుడు వచ్చి పోవడం అర్థమవుతుంది. సిరలో అదనపు స్పందన పుట్టాలి, అదే క్షణానికి పైగది అలను తిప్పగల స్థితిలో ఉండాలి. రెండూ కలిసిన రాత్రే దడ, లేకపోతే ఈసీజీ నిర్దోషి. పైగా 1995లో నెదర్లాండ్స్‌లో మేకల గుండెల్లో ఈ వణుకును పదేపదే రేపితే, మొదట సెకన్లలో ఆగినది వారం రెండు వారాలకు ఆగడం మానేసింది. ప్రతి విడత తర్వాతి విడతకు దారి వేస్తోంది. మరి ఒంటికి తగిలించి 24 గంటలు గుండె లయను నమోదు చేసే హోల్టర్ పెట్టిస్తే సరి అంటారా? ఈసీజీకన్నా మేలే, తుది తీర్పు మాత్రం కాదు. కారణం తెలియని పక్షవాతం వచ్చినవారి చర్మం కింద చిన్న మానిటర్ అమర్చిన 2014 నాటి అధ్యయనంలో, ఏడాది తిరిగేసరికి 12.4 శాతం మందిలో ఈ జబ్బు బయటపడింది. మామూలు పరీక్షలకే వదిలేసినవారిలో 2 శాతం.

ఇలా యంత్రాలతో వెతకడానికి గట్టి ఆక్షేపణే ఉంది. డెన్మార్క్‌లో 70 దాటిన ఆరువేల మందితో చేసి 2021లో వెలువరించిన లూప్ అధ్యయనంలో, మానిటర్ ఉన్నవారిలో జబ్బు మూడు రెట్లకు దగ్గరగా పట్టుబడినా, పక్షవాతాలు నమ్మకంగా చెప్పదగినంత తగ్గలేదు. కాబట్టి ఏ లక్షణమూ లేనివారందరికీ యంత్రాలు తగిలించమని నేననను. కానీ భట్టిప్రోలు పెద్దాయనకు దడ ఉంది, బీపీ ఉంది, 75 దాటాయి. ఆ మూడూ కలిసినచోట వెతకాల్సిందే. వణికే పైగది పూర్తిగా ముడుచుకోదు, ఎడమ పైగది పక్కనున్న సంచిలాంటి మూలలో రక్తం నిలిచి గడ్డకడుతుంది, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. 2003–04లో గోదావరి ప్రాంతపు 45 గ్రామాల్లో మరణాల కారణాలు లెక్క తీస్తే, వందకు 13 పక్షవాతానివి. అవి బంధువులు చెప్పిన వివరాలతో వేసిన లెక్కలు. ఎన్నింటి వెనుక ఈ వణుకు ఉందో వాటినుంచి తేలదు.

ఈ పరిశోధనల ఉపయోగాల మాటకొస్తే నాకు కాస్త విసుగే. రాజేసే చోట్లను అణిచే, లక్షలు ఖర్చయ్యే అబ్లేషన్ చికిత్స గురించి అందరూ మాట్లాడతారు, మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి నిమిషం నాడి చూడమని చెప్పేవారు తక్కువ. దడ వచ్చినప్పుడే చూడాలి. ఏ వరసా లేకుండా కొట్టుకుంటుంటే ఆ నిమిషమే దగ్గర్లో ఈసీజీ తీయించాలి, తెల్లారాక కాదు. మాట తడబడినా, మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా నాడి లెక్కలు మాని ఆసుపత్రికి పరుగెత్తాలి. జబ్బు రుజువైతే రక్తం గడ్డకట్టకుండా మాత్ర ఇవ్వాలో వద్దో డాక్టరు వయసు, బీపీ, రక్తస్రావం ముప్పు చూసి తేలుస్తారు. అది వార్ఫరిన్ జాతి మాత్రయితే గోంగూర మానేయమని ఇంటింటా సలహాలొస్తాయి. మానక్కర్లేదు, ఆకుకూరలు ఒక వారం కుప్పలుగా తిని మరో వారం ముట్టకపోవడమే చేటు. కొత్త మాత్రలకు ఆ బాధ లేదు గానీ, చిన్నప్పటి కీళ్లవాతపు జ్వరం వల్ల గుండె కవాటం సన్నబడినవారికి అవి తగవు: మన దేశపు రోగులు కూడా పాల్గొన్న 2022 నాటి ఇన్విక్టస్ అధ్యయనంలో, అలాంటివారికి కొత్త మాత్రల్లో ఒకటైన రివరాక్సబాన్‌కన్నా పాత జాతి మందే మేలు చేసింది. కవాటం సంగతి టూడీ ఎకోలో తెలుస్తుంది. ఈసీజీ రెండుసార్లు తీయించినవాళ్లు అదొక్కసారైనా తీయించారా అన్నది మాత్రం ఆ ప్రశ్నలో లేదు.