రంగం వెళ్లొచ్చిన పేట

హౌరా వైపు నుంచి వచ్చే రైలైనా, విజయవాడ వైపు నుంచి వచ్చే రైలైనా విశాఖపట్నం స్టేషన్ చేరాలంటే కంచరపాలెం పక్క నుంచి పోవాల్సిందే. ఉత్తరాన సింహాచలం కొండల వరస, దక్షిణాన యారాడ కొండ, తూర్పున సముద్రం. పట్టాలు పరచడానికి పడమటి దిక్కు ఒక్కటే మిగిలింది. అందుకే స్టేషన్ సంచి అడుగున ఉన్నట్టు ఉంటుంది. కోరమండల్ లాంటి దూరప్రయాణపు బండ్లు లోపలికొచ్చి, రెండో చివర ఇంజన్ తగిలించుకుని, వచ్చిన దారినే మర్రిపాలెం మీదుగా తిరిగి వెళ్లిపోతాయి. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే మనిషి కంచరపాలెం పక్కగా రెండుసార్లు పోతాడన్నమాట. పక్కవాళ్లు సామాను దించుకునే హడావిడిలో ఒకసారి, కాఫీ గ్లాసు పట్టుకుని సీటు వెతుక్కుంటూ ఇంకోసారి. రెండుసార్లూ కిటికీలోంచి చూడడు.

విశాఖ చూడడానికి వచ్చేవాళ్ల జాబితాలో ఈ పేరు ఉండదు. ఆర్కే బీచ్, కైలాసగిరి, కురుసుర జలాంతర్గామి, రుషికొండ, తెల్లవారి లేస్తే అరకు. ఆ అరకు బండి కూడా కంచరపాలెం పక్క నుంచే పోతుంది. దాని దారి వేసింది విహారం కోసం కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్ ఉక్కు కర్మాగారాలకు పంపడానికి 1960ల్లో కొత్తవలస–కిరండోల్ లైను వేశారు. కొండల్ని తొలిచి 58 సొరంగాలు తవ్వారు. 2017 నుంచి అద్దాల పైకప్పు బోగీలో కూర్చుని మనం చూస్తున్న లోయలన్నీ ఆ ఖనిజం పుణ్యమే. ఆ లైను మీద బరువు లాగిన ఇంజన్లకు కొలువైన డీజిల్ లోకో షెడ్డు ఉన్నదీ ఈ పక్కనే. ఈ నగరంలో ఏ అందం వెనక్కి వెళ్లి చూసినా ఒక పని కనిపిస్తుంది. ఆ పని చేసినవాళ్ల ఇళ్లు ఎక్కువగా ఇటువైపే ఉంటాయి.

పదహారో నంబరు జాతీయ రహదారి పేటను చీల్చుకుంటూ వెళ్తుంది. ఎన్ఏడీ కొత్తరోడ్డు నుంచి తాటిచెట్లపాలెం వైపు వస్తుంటే కంచరపాలెం మెట్టు, ఊర్వశి జంక్షన్ తగుల్తాయి. రోడ్డు మీద నిలబడితే లారీల రొద తప్ప ఏమీ అందదు. పక్క సందులోకి నాలుగడుగులు వేస్తే గాని ఊరు దొరకదు. అరుగులు, నీళ్ల బిందెలు, మిద్దె మీద ఆరేసిన బట్టలు, కొండవాలు మీదికి ఎక్కుతూ పోయే సిమెంటు మెట్లు. శ్రీకాకుళం మాట, విజయనగరం మాట, ఒడిశా సరిహద్దు మాట ఒకే కుళాయి దగ్గర కలుస్తాయి. కొత్త ముఖం కనబడితే ‘ఏటి బావూ, ఎవరింటికి?’ అని అడుగుతారు. ఆ అడగడంలో అనుమానం ఉండదు, దారి చూపించాలన్న ఆత్రమే ఉంటుంది.

ఉత్తరాంధ్ర కుర్రాళ్లు చాలామందికి ఈ పేరు చదువుతోనో ఉద్యోగం వెతుకులాటతోనో ముడిపడి ఉంటుంది. ప్రభుత్వ పాలిటెక్నిక్ ఇక్కడే, ఐటీఐ ఇక్కడే, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ ఇక్కడే. షిప్‌యార్డు, పోర్టు, రిఫైనరీ, ఉక్కు ఫ్యాక్టరీ, రైల్వే, నేవీ డాక్‌యార్డు. ఈ పేర్లను ఒక ఫిట్టర్ సర్టిఫికెట్ చేతిలో పట్టుకున్న కుర్రాడి కళ్లలోంచి చూస్తే, అవన్నీ కంచరపాలెంలోనే మొదలవుతాయి. పేరు నమోదు చేయించుకోవడానికి తెల్లవారుజామున ఊళ్లో బస్సెక్కి, ఫైలు చంకలో పెట్టుకుని వచ్చిన తరాలు ఉన్నాయి. పొద్దున్నే రైతుబజారు చూడండి. ఆనందపురం, పెందుర్తి, కొత్తవలస పరిసరాల నుంచి కూరలు దిగుతుంటాయి. నగరం ఏం తింటుందో తెలుసుకోవడానికి ఇంతకు మించిన చోటు నాకు తెలియదు.

2018 సెప్టెంబరు 7న ‘కేరాఫ్ కంచరపాలెం’ సినిమా విడుదలైంది. వెంకటేశ్ మహా దర్శకుడు, అమెరికాలో గుండె వైద్యురాలైన ప్రవీణ పరుచూరి నిర్మాత. తెర మీద కనిపించినవాళ్లలో 80 మందికి పైగా ఈ పేటవాళ్లే, అంతకుముందు కెమెరా ముఖం చూడనివాళ్లు. ఆ ఏడాది న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కు వెళ్లింది, తర్వాత తమిళంలోనూ తీశారు. సినిమా గురించి అందరూ రాశారు కాబట్టి ఇక్కడ ఆగను. కానీ ఆ తర్వాత జరిగిన ఒక సంగతి ముఖ్యం. ఊరి పేరు చెప్పుకోవడానికి మొహమాటపడిన కుర్రాళ్లు దాన్ని ధైర్యంగా చెప్పడం మొదలుపెట్టారు. సెల్‌ఫోన్ పట్టుకుని సందులు వెతుక్కుంటూ వచ్చేవాళ్లూ పెరిగారు.

ఇలా వచ్చేవాళ్లకు ఒక మాట చెప్పాలి. ముంబయి ధారావిలో, బ్రెజిల్ రియో నగరంలోని రోసిన్యా వాడలో పేదల ఇళ్ల మధ్య డబ్బు పుచ్చుకుని తిప్పి చూపించే యాత్రలు ఏళ్లుగా నడుస్తున్నాయి. వాటిలో కొన్ని ఆ వాడలకు నాలుగు డబ్బులు తెచ్చిపెట్టిన మాట నిజమే. అయినా ఒకరి వంటగదిని ఇంకొకరు వింతగా చూడడం నాకు రుచించదు. కంచరపాలెం రావాలనుకుంటే చుట్టంలా రండి. ఫొటోకు ముందు పలకరింపు ఉండాలి. టీకొట్టు బల్ల మీద కాసేపు కూర్చోండి. ఆదివారం మధ్యాహ్నం ఇంటి ముందు తల దువ్వుకుంటున్న ఆడవాళ్లు మీ కెమెరా కోసం కూర్చోలేదు.

నడక ఇష్టమున్నవాళ్లకు కొండ ఉంది. పేటకు ఉత్తరాన మురళీనగర్ దాటితే మాధవధార. కొండ పాదంలో మాధవస్వామి గుడి, పైనుంచి దిగే ధార. అక్కడి నుంచి కొండ మీదుగా సింహాచలం చేరే పాత కాలిదారి ఉంది. అవతలి వాలు మీద అనాస తోటలు, సంపెంగ చెట్లు ఎదురవుతాయి. వానాకాలం మొదట్లో అయితే ఆ దారి ఎక్కి, వెనక్కి తిరిగి చూడండి. రేవు, పట్టాలు, చమురు ట్యాంకులు, ఇళ్లు, యారాడ కొండ అన్నీ ఒకే చూపులో పడతాయి. ఆషాఢ పున్నమి ముందు రోజు సింహాద్రి అప్పన్న గిరిప్రదక్షిణ. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, లక్షల మంది, చాలామంది చెప్పుల్లేకుండా. అడవివరం, హనుమంతవాక, జోడుగుళ్లపాలెం, కైలాసపురం తిరిగి మాధవధార, మురళీనగర్ మీదుగా ఎన్ఏడీ వైపు సాగుతారు. అప్పటికి కాళ్లు బొబ్బలెక్కి ఉంటాయి. ఈ చుట్టుపక్కల కాలనీలవాళ్లు రోడ్డు పక్కన మజ్జిగ, పులిహోర, మంచినీళ్లు పెట్టుకుని రాత్రంతా నిలబడతారు. దేశవిదేశాల తీర్థయాత్రల గురించి చదువుతాం గాని, సగం నగరం మిగతా సగానికి దారి పొడవునా దాహం తీర్చే యాత్ర మన ఇంటి పక్కనే ఉంది.

అయితే నన్ను మళ్లీ మళ్లీ కంచరపాలెం లాక్కొచ్చేది కొండా కాదు, సినిమా కాదు. బర్మా క్యాంపు.

ఉత్తరాంధ్ర పెద్దవాళ్లు రంగూన్‌ను ‘రంగం’ అంటారు. ‘మా తాత రంగం వెళ్లాడు’ అనే మాట వినని ఇల్లు శ్రీకాకుళం నుంచి తుని దాకా తక్కువ. 19వ శతాబ్దం చివరికి ఐరావతి డెల్టాలో వరి సాగు అడవుల్ని మింగుతూ పెరిగింది. కోతకు, రైసుమిల్లుకు, రేవులో బస్తాలకు మనుషులు కావాలి. ఇటు కరువు, అప్పు. మధ్యలో మేస్త్రీ. ఊళ్లోకొచ్చి బయానా చేతిలో పెట్టి, ఓడ టిక్కెట్టు తానే కొని, ఆ బాకీ కూలిలో కోసుకునేవాడు. విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, కాకినాడ రేవుల నుంచి డెక్కు మీద కూర్చుని బంగాళాఖాతం దాటారు మనవాళ్లు. వాళ్లను అక్కడ ‘కోరంగీలు’ అని పిలిచేవారు, గోదావరి కోరంగి రేవు పేరు మీద. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్‌లో నాలుగు లక్షల జనం ఉంటే రెండు లక్షల పైచిలుకు మనవాళ్లే, అంటే సగానికి మించి. తెలుగువాళ్లే బర్మా మొత్తం మీద లక్షన్నరకు పైన.

ఆ బతుకు సుఖంగా సాగలేదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు బర్మీయుల్ని పనిలోకి తెచ్చారు. సమ్మె తేలాక ఆ బర్మీయుల్ని పొమ్మన్నారు. ఇద్దరు పేదల మధ్య రాజేసిన ఆ నిప్పులో వందమందికి పైగా చచ్చిపోయారు, చాలామంది మనవాళ్లే. 1941 డిసెంబరులో జపాను బాంబులు రంగూన్ మీద పడ్డాయి. లక్షల మంది అరకాన్ దారిన, మణిపూర్ దారిన కాలినడకన బయల్దేరారు. వేలాది మంది జ్వరంతో, ఆకలితో దారిలోనే పోయారు. ఇల్లు చేరినవాళ్లకూ నెమ్మది దొరకలేదు. 1942 ఏప్రిల్ 6న అదే జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి.

యుద్ధం ముగిశాక కొందరు తిరిగి వెళ్లారు, కొందరు అక్కడే ఉండిపోయారు. 1962 మార్చిలో జనరల్ నే విన్ అధికారం చేతిలోకి తీసుకున్నాడు. 1964లో దుకాణాలు జాతీయం చేశారు. మే నెలలో 50, 100 చ్యాట్ నోట్లు చెల్లవన్నారు. ఒక్క ప్రకటనతో మూడు తరాలు కూడబెట్టిన సొమ్ము కాగితమైంది. ఆ తర్వాతి ఏళ్లలో సుమారు మూడు లక్షల మంది భారతీయులు బర్మా విడిచారు. బంగారం, రొక్కం వెంట తెచ్చుకోనివ్వలేదు. ఓడలు దిగినవాళ్లకు ప్రభుత్వం అక్కడక్కడా చోటు చూపించింది. విశాఖలో అలా వెలసినదే కంచరపాలెం బర్మా క్యాంపు.

‘తిరిగొచ్చినవాళ్లు’ అని ప్రభుత్వం రాసుకుంది. నిజానికి వాళ్లలో ఎందరో ఇక్కడికి రావడం అదే మొదటిసారి. పుట్టింది అక్కడ, బడికెళ్లింది అక్కడ, కలలో మాట్లాడేది బర్మీస్. తాత ఊరి పేరు తప్ప ఊరు తెలియదు. అలాంటివాళ్లు పట్టాల పక్కన ఇళ్లు కట్టుకుని, ఈ నగరం పెరుగుతున్న రోజుల్లో దానితో పాటే పెరిగారు. ఇవాళ సందుల్లో తిరిగితే మిగతా కంచరపాలేనికీ దీనికీ తేడా కనిపెట్టడం కష్టం. తేడా నాలుక మీద ఉంది.

సాయంత్రం బండి మీద బర్మా నూడుల్స్ కలుపుతుంటే చూడాలి. ఉడికించిన నూడుల్స్ మీద వేయించిన శనగపిండి, వెల్లుల్లి వేగిన నూనె, చింతపండు పులుసు, దంచిన ఎండుమిరప, సన్నగా తరిగిన ఉల్లి, నిమ్మరసం. చేత్తోనే కలుపుతారు. చైనా నూడుల్స్ పొగ, సాసు వాసన ఇందులో ఉండవు. కొబ్బరిపాలతో చేసే ఖౌస్వే ఒక రకం. మోహింగా ఇంకో రకం. చేపను ఉడికించి ముల్లు తీసి, అరటిదూట ముక్కలు వేసి కాచిన చిక్కటి పులుసులో బియ్యపు నూడుల్స్. బర్మాలో అది పొద్దుటి పలహారం. చేపల పులుసూ, అరటిదూటా మన ఉత్తరాంధ్రకు కొత్త కాదు గనక, మొదటి ముద్దకే అది బంధువుల ఇంటి వంటలా అనిపిస్తుంది. నగరంలో పెద్ద హోటళ్లు ఖౌస్వేను పింగాణీ గిన్నెలో పెట్టి వందల రూపాయలకు అమ్ముతున్నాయి. మంచిదే. కానీ ఈ వంటను సముద్రం దాటించినవాళ్లు బంగారం వదిలేసి, చేతి నేర్పును మాత్రం తెచ్చుకున్నవాళ్లు. దాని ఖరీదు వాళ్ల బండి దగ్గర కట్టడం నాకు న్యాయంగా తోస్తుంది.

మారిషస్‌లో కూలీల ఓడలు ఆగిన చోటు ఉంది, పోర్ట్ లూయిస్ రేవులో, ఆప్రవాసీ ఘాట్ అంటారు. అక్కడ దిగినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. న్యూయార్క్‌లో ఎల్లిస్ ద్వీపానికి వెళ్లి జనం తమ ముత్తాతల పేర్లు ఓడల చిట్టాల్లో వెతుక్కుంటారు. విశాఖ ఒడ్డున జలాంతర్గామిని నిలబెట్టాం, యుద్ధవిమానాన్ని నిలబెట్టాం. చక్కగా ఉన్నాయి, పిల్లలకు చూపించాల్సినవే. అదే ఒడ్డు నుంచి లక్షల మంది కూలీలు ఓడెక్కారని చెప్పే గది ఒకటి కూడా ఉండాలి. అది బీచ్ రోడ్డులో కాదు, కంచరపాలెంలో ఉండాలి.

దానికి పెద్ద మేడ అవసరం లేదు. ఇళ్లలో పెట్టెల అడుగున ఇంకా ఉన్న కాగితాలు, రంగూన్ ఫొటోస్టూడియో ముద్ర ఉన్న పెళ్లి ఫొటోలు, చెల్లకుండా పోయిన నోట్లు, బర్మా అక్షరాలున్న పిల్లల పుస్తకాలు అడిగితే ఇస్తారు. అన్నిటికంటే ముందు మాటలు రికార్డు చేయాలి. 1964లో పదేళ్ల పిల్లగా ఓడ దిగిన మనిషికి ఇప్పుడు డెబ్బై దాటింది. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇక్కడికి ఆటోలో అరగంట దూరం. అక్కడి చరిత్ర విద్యార్థులు ఒక్క సెమిస్టరు ప్రాజెక్టు కింద ఈ పని మొదలుపెట్టినా, ముందు ఆ అమ్మల దగ్గర కూర్చోవాలి, ఆ తర్వాతే కాగితాల జోలికి వెళ్లాలి.